ఎండల దేవుడి ఊళ్ళో ఒక జావా

శిథిలమైన గుడిని తిరిగి నిలబెట్టడానికి మన భాషలో జీర్ణోద్ధరణ అనే చక్కని మాట ఉంది. రాతికీ సున్నానికీ వాడే ఈ మాటను ఇనుముకు వాడవచ్చునా అన్న సందేహం నాకు కొన్నేళ్ళుగా ఉంది. మా రావివలసలో పాడుబడిన ఒక జావా మోటారు సైకిలును బాగుచేసే పనిలో పడ్డాక, మాట సంగతి అటుంచి, ఆ పనికి అర్థమేమిటన్నదే పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. వస్తువును పూర్వస్థితికి తేవడం అంటాం సరే, ఏ పూర్వం? ఏ స్థితి? ఈ టపా ఆ ప్రశ్న గురించే. దారిలో ప్రాగ్ నగరం, మైసూరు, ఉద్దానం తోటలు, గిడుగు రామమూర్తి పంతులుగారు తగులుతారు. కాస్త ఓపిక పట్టి చదవమని మనవి.

రావివలస తెలియనివారికి ఒక ముక్క. టెక్కలికి దగ్గరలో ఉన్న ఊరిది. ఇక్కడి ఎండల మల్లికార్జునస్వామి ఆరుబయట, పైన కప్పు లేకుండా, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ నిలిచిన పెద్ద శివలింగం. తనకు కప్పు వద్దన్నది స్వామి సంకల్పమేనని స్థలపురాణం. రామాయణంలోని వానరవైద్యుడు సుషేణుడు ఇక్కడ తపస్సు చేశాడని కూడా చెబుతారు. కార్తీకమాసంలో ఊరు జనంతో నిండిపోతుంది.

దేవుడికి కప్పు అక్కరలేదు గాని మోటారు సైకిలుకు కావాలి. నౌపడా ఉప్పుమడులు మాకు ఎంతో దూరం కావు. ఈ ప్రాంతంలో వీచే గాలిలోనే ఉప్పుంటుంది. మా పెదనాన్నగారు 1960లలో కొన్న జావా, 1980ల చివర మూలపడి, కమ్మల పాకలో ఆ గాలి పీలుస్తూ ముప్ఫై ఏళ్ళు ఉండిపోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. మా పాక కూడా ఆ గాలికే కూలింది. కమ్మలూ వాసాలూ తొలగించాక బండి బయటపడింది. తుపాను తరవాతి నెలల్లో పాత ఇనుము కొనేవాళ్ళు ఊరూరా తిరిగారు. కిలోల లెక్కన తూకానికి వెళ్ళబోతున్న దాన్ని నేను ఉంచేయమన్నాను. అప్పటికి నాకు ఆ బండి చరిత్ర గాని, నా ఉద్దేశం గాని స్పష్టంగా తెలియవు.

ప్రాగ్ నుంచి మైసూరు దాకా

జావా అంటే ఇండోనేషియాలోని దీవి కాదు. చెకోస్లోవేకియాలో ఆయుధాలు తయారుచేసే ఫ్రాంతిషెక్ యానెచెక్ అనే పారిశ్రామికుడు 1929లో జర్మనీలోని వాండరర్ సంస్థ దగ్గర ఒక మోటారు సైకిలు నమూనాను కొని ప్రాగ్‌లో తయారీ మొదలుపెట్టాడు. ఆయన పేరులోని మొదటి రెండక్షరాలు, వాండరర్‌లోని మొదటి రెండక్షరాలు కలిపితే అయిన పేరు అది. వాళ్ళ ఉచ్చారణలో యావా, మన నోట జావా.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కర్మాగారం నాజీల అదుపులోకి వెళ్ళింది. అక్కడి ఇంజనీర్లు యుద్ధకాలంలోనే చాటుమాటుగా ఒక కొత్త 250 సీసీ బండికి రూపకల్పన చేసుకున్నారు. యుద్ధం ముగిశాక 1946లో పారిస్ ప్రదర్శనలో అది లోకానికి కనిపించింది. 1950ల మధ్యలో దానికి వారసుడు వచ్చాడు. ఒకే సిలిండరు, దానికి రెండు పొగగొట్టాలు, 65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు, నాలుగు గేర్లు. కిక్కు కొట్టే కడ్డీనే ముందుకు తిప్పితే గేరు కడ్డీ అవుతుంది. గేరు మార్చేటప్పుడు క్లచ్చు దానంతటదే విడిపోతుంది. తాళంచెవి హెడ్‌లైటు డొప్ప మీద పెట్టాలి. అది తాళంచెవి అనడం కన్నా చిన్న ఇనప పుల్ల అనడం సబబు. పోగొట్టుకుని మేకుతో పని జరుపుకున్నవాళ్ళు దేశమంతటా ఉన్నారు. మా బండికి దొరికిందీ మేకే.

ఇక మన దేశం సంగతి. స్వాతంత్ర్యానంతరం విదేశీ మారకద్రవ్యానికి కటకట. పరిశ్రమ పెట్టాలంటే 1951 నాటి చట్టం కింద లైసెన్సు కావాలి. దేశంలో తయారుచేసే ప్రణాళిక లేకుండా, విడిభాగాలు తెచ్చి బిగించి అమ్ముతామనే మోటారు సంస్థలకు 1950లలో తలుపులు మూసుకుపోయాయి. ఆ పరిస్థితిలోనే మూడు పేర్లు మన రోడ్లమీదికి వచ్చాయి. మద్రాసు తిరువొత్తియూరులో ఇంగ్లండు వారి బుల్లెట్టు (1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది). మైసూరులో చెకోస్లోవేకియా వారి జావా. ఎస్కార్ట్స్ వారు 1960లలో తెచ్చిన, పోలండు బండిని ఆధారం చేసుకున్న రాజ్‌దూత్. ఒకటి పశ్చిమ కూటమి నుంచి, రెండు తూర్పు కూటమి నుంచి. నెహ్రూగారి అలీన విధానం రోడ్డెక్కితే ఎలా ఉంటుందో చూడాలంటే ఆ రోజుల్లో ఏ తాలూకా కేంద్రంలోనైనా నిలబడి చూస్తే సరిపోయేది!

మైసూరు ఐడియల్ జావాను రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీ 1960లో స్థాపించారు. మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడయారు, అప్పటికి రాష్ట్ర గవర్నరు, ప్రోత్సాహం ఇచ్చారు. 1961 నుంచి బళ్ళు రావడం మొదలైంది. మొదట్లో చెక్ భాగాలు ఎక్కువ, క్రమంగా దేశీయ భాగాలు. 1970ల తొలినాళ్ళలో పేరు యెజ్డీగా మారింది. చెక్ భాషలో "యెజ్దిత్" అంటే వాహనం మీద వెళ్ళడం అనీ, ఇరాన్‌లోని యజ్ద్ నగరం పేరు కలిసివచ్చిందనీ రెండు వ్యుత్పత్తులు చెబుతారు. పదాల పుట్టుక మీద ఆసక్తి ఉన్న మిత్రులు ఏది నచ్చితే అది ఉంచుకోవచ్చు.

పతనం కూడా అంతర్జాతీయ కథే. 1980లలో జపాను సంస్థలతో పొత్తులకు ప్రభుత్వం అనుమతించింది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది ఇంటింటి లెక్క అయింది. 1991లో, మళ్ళీ 1996లో పొగ నిబంధనలు బిగిశాయి. పెట్రోలులో నూనె కలిపి మండించే రెండు స్ట్రోకుల ఇంజనుకు ఇవన్నీ గొడ్డలిపెట్లే. 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది. 2018 నవంబరులో జావా పేరు మళ్ళీ బజారులోకి వచ్చింది గాని ఆ కొత్త బండి నాలుగు స్ట్రోకులది, నీటితో చల్లబడేది. పేరు వంశానిది, ఒంట్లో రక్తం వేరు.

ఈ తేదీలన్నీ ఎందుకంటే, పాత బండి బాగుచేసేవాడి కష్టమంతా ఇక్కడే ఉంది. బుల్లెట్టు పుట్టిల్లు ఇంగ్లండులో మూతపడ్డా మద్రాసులో వంశం నిలిచింది. దశాబ్దాల పాటు ఆ ఇంజను రూపం పెద్దగా మారలేదు గనక సామాను దొరుకుతుంది. జావాది అనాథ బతుకు. బేరింగుల వంటివి ప్రపంచమంతటా ఒకే అంకెలతో అమ్ముడవుతాయి కాబట్టి చిక్కు లేదు. మిగతావి మద్రాసు పుదుపేట వంటి పాత సామాన్ల బజార్లలో వెతకాలి, లేదా లేతు మీద తిప్పించుకోవాలి.

బండి రాసుకున్న దినచర్య

టెక్కలిలో ఒక వృద్ధ మెకానిక్కుకు బండి చూపించాను. అందరూ ఆయన్ని మేస్త్రీగారంటారు. చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఒకటే అడిగారు: "దీన్ని బతికించాలేటి బాబూ, బొమ్మలాగ నిలబెట్టాలేటి? ముందదేటో తేల్చీసి సెప్పండి."

నాకు అప్పటికి జవాబు లేదు. ముందు విప్పి చూద్దామన్నాను. విప్పుతున్నకొద్దీ ఆ బండి ఒక దినచర్య పుస్తకంలా తెరుచుకుంది.

ట్యాంకు మీద పైపొర నీలం. మన తీరంలో పడవలకు వేసే ఎనామెలు అది. ఎమరీ కాగితంతో అరచేయంత మేర మెల్లగా రుద్దితే కింద నలుపు, దాని కింద ఎర్ర ప్రైమరు, అన్నిటికన్నా అడుగున మైసూరు వారి ముదురు ఎరుపు, దాని మీద చేత్తో గీసిన బంగారు గీత. పురావస్తు శాఖవారు మట్టిపొరలు లెక్కపెట్టినట్టు నేను రంగుపొరలు లెక్కపెట్టాను. పిస్టన్ బిగుసుకుపోయి ఉంటే ప్లగ్గు రంధ్రంలోంచి డీజిలు, కిరోసిను పోసి వారాల తరబడి నానబెట్టాం. ఊడివచ్చాక దాని నెత్తిన అర మిల్లీమీటరు ఓవర్‌సైజు అంకె కనిపించింది. సాధారణంగా పావు మిల్లీమీటరు చొప్పున పెంచుతారు గనక సిలిండరుకు అప్పటికే రెండుసార్లు బోరింగు జరిగి ఉండాలి. అంటే బండి కష్టపడి బతికిందన్నమాట.

సీటు చింపితే స్పాంజికి బదులు కొబ్బరి పీచు. వెనక మడ్‌గార్డు మీద ఊరి కమ్మరి కొట్టిన బరువైన క్యారియరు. పెదనాన్నగారు దాని మీద జీడిపిక్కల బస్తాలు వేసుకుని పలాస, కాశీబుగ్గ వెళ్ళేవారు. ఆ బరువుకే కాబోలు, సీటు కింద ఛాసిస్ గొట్టం ఎప్పుడో చిట్లింది. ఎవరో మంచి చేయి తిరిగిన మనిషి లోపల ఇంకో గొట్టం దూర్చి, పైన గ్యాస్ వెల్డింగుతో అతికాడు. మేస్త్రీగారు ఆ అతుకు మీద వేలు పెట్టి తడిమి, "ఇది సేసినోడికి పని తెలుసు" అన్నారు. అంతకు మించిన ప్రశస్తిపత్రం ఆ అజ్ఞాత పనివాడికి ఎక్కడా దొరికి ఉండదు.

ఇంకొక విశేషం చెప్పకుండా ఉండలేను. జీడిపిక్క పెంకులోంచి వచ్చే నూనె చేతికంటితే బొబ్బలెక్కుతుందని పలాసలో జీడి ఒలిచే ఆడవాళ్ళు ఎవరైనా చెబుతారు. ఆ నూనెతో తయారుచేసిన గట్టి రెసిన్ పొడిని 20వ శతాబ్ది పూర్వార్ధం నుంచీ వాహనాల బ్రేకు లైనింగులలో కలుపుతున్నారు. వేడెక్కినా పట్టు తప్పకుండా చూసే గుణం దానికుంది. జీడిపిక్కలు మోసిన బండిని ఆపే పనిలో కూడా జీడికి వాటా ఉండే వీలుందన్నమాట. ఏ చెట్టు కాయో గాని, ఊరికి అన్నమూ బొబ్బలూ పెట్టి, లోకానికి బ్రేకులిచ్చింది.

ఉప్పుతో యుద్ధం

తుప్పు గీకి రంగు వేస్తే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. మన తీరప్రాంతంలో ఆ పప్పు ఉడకదు. ఇనుములో పడ్డ సన్నని గుంటల్లో ఉప్పు దాగి ఉంటుంది. గాలిలోని తేమను అదే లాక్కుంటుంది. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా లోపల తుప్పు తన పని తాను చేసుకుపోయి, ఏడాదిలో రంగు బుడగలు కట్టి లేస్తుంది. సముద్రంలో దొరికిన ఇనప వస్తువులను ప్రదర్శనశాలల వారు నెలల తరబడి క్షారజలంలో ఊరబెట్టేది ఈ ఉప్పును బయటికి రప్పించడానికే.

మా ఇంట్లో జరిగింది దానికి చిన్న నకలు. చాకలి సోడా కలిపిన నీళ్ళ తొట్టిలో తుప్పు పట్టిన ఇనప భాగాన్ని వేలాడదీసి, బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువం దానికి, ధనధ్రువం ఒక పాత ఇనప రేకుకు కలపాలి. తుప్పు వదులై ఊడివస్తుంది. ఈ పని ఆరుబయటే చేయాలి, ఎందుకంటే వెలువడేది మండే వాయువు. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, విషపదార్థాలు పుడతాయి. అల్యూమినియం భాగాలను ఆ తొట్టిలో వేయకూడదు, క్షారం వాటిని తినేస్తుంది. తరవాత మంచినీళ్ళతో పదేపదే కడగాలి, నీళ్ళు మార్చి మళ్ళీ కడగాలి, వెంటనే ఆరబెట్టి ప్రైమరు వేయాలి. రెండు వేసవులు ఈ పనికే పోయాయి. ఎండల స్వామి ఊరు గనక ఆరబెట్టడానికి మాత్రం కొదవ లేకపోయింది.

గ్రాంథిక జావా, వ్యావహారిక జావా

ఇక అసలు చిక్కు. శుభ్రమైన భాగాలన్నీ పరచుకుని కూర్చున్నాక మేస్త్రీగారి ప్రశ్నకు జవాబు చెప్పక తప్పలేదు. పాత బళ్ళ ప్రియులలో ఎక్కువమంది దారి ఒకటే. కర్మాగారం తలుపు దాటి వచ్చిన రోజున బండి ఎలా ఉందో అలాగే చేయాలి. నట్టు తల కొలత దగ్గర్నుంచి గీత మందం దాకా కేటలాగే ప్రమాణం. ఆ దారి పడితే క్యారియరు పీకేయాలి, కొబ్బరి పీచు పారేయాలి, అతుకు పడిన ఛాసిస్‌ను పక్కన పడేసి ఇంకొకటి వెతకాలి.

నాకు ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. ఆయన మా జిల్లావారే. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా బతికారు. ముఖలింగం గుడిలోని శాసనాలను పట్టుదలతో చదవడం నేర్చుకున్నారు. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు. 1919లో "తెలుగు" పత్రిక పెట్టారు. గ్రాంథికవాదులతో ఆయన వాదన సారాంశం నాకు అర్థమైనంతలో ఇది: మీరు చెప్పే శుద్ధభాష ఏ కాలంలోనూ ఎవరి నోటా ఆ రూపంలో లేదు, వ్యాకరణం బిగించినవాళ్ళు సైతం దాన్ని పూర్తిగా పాటించలేదు, జనం వాడి వాడి మార్చుకున్నది తప్పు కాదు, అదే ఆ భాష జీవితం.

ఇది మోటారు సైకిలుకు అక్షరాలా వర్తిస్తుంది. మైసూరులో దేశీయ భాగాలు ఏటికేడాది పెరుగుతూ వచ్చిన కాలంలో "అసలు రూపం" అన్నది ఒకటే లేదు. ఒక ఏడు బండికి చెక్ జికోవ్ కార్బ్యురేటరు ఉంటే ఇంకో ఏడు బండికి దేశీయమైనది ఉండవచ్చు. అంటే వ్యాకరణకర్తే తన సూత్రం తాను మార్చుకుంటూ పోయాడు. ఇక కేటలాగు చెప్పే బండి ప్రదర్శనశాలలో ఒక్కరోజు నిలబడ్డ బండి. కొబ్బరి పీచు సీటుతో, కమ్మరి క్యారియరుతో, పడవ నీలంతో ఉన్నది ఉద్దానంలో రెండు దశాబ్దాలు తిరిగిన బండి. మొదటిదానికి కంపెనీ కాగితాలున్నాయి, అభిమాన సంఘాలున్నాయి, రంగుల పుస్తకాలున్నాయి. రెండోదానికి ఉన్న సాక్ష్యం ఆ అతుకొక్కటే. దాన్ని కోసి పారేస్తే ఆ పనివాడు ఉన్నాడని చెప్పడానికి లోకంలో ఇంకేమీ మిగలదు.

అలాగని వ్యావహారికవాదం పేరుతో అన్నిటినీ వదిలేయడానికీ లేదు. గిడుగువారు తప్పుడు తెలుగును సమర్థించలేదు, శిష్టుల వాడుకను సమర్థించారు. బండికీ శిష్టత అంటే ప్రాణరక్షణే. అరిగిన బ్రేకు లైనింగులు, చీకిపోయిన వైర్లు, పగిలిన టైర్లు ఎవరి జ్ఞాపకంగానూ నిలుపుకోదగ్గవి కావు. అవి కొత్తవే వేయాలి.

చట్టం ఏమంటుంది?

మన మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది, ఆపైన పరీక్షలో నెగ్గితే అయిదేళ్ళ చొప్పున పొడిగిస్తారు. 2021 జులైలో కేంద్రం వింటేజి వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు దీని కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ళ తరవాత మళ్ళీ చేయించడానికి 5,000. నంబరులో "వీఏ" అనే అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకూ ర్యాలీలకూ సర్వీసింగుకూ తప్ప రోజువారీ అవసరాలకు నడపకూడదు.

షరతు ఒకటుంది. వాహనం అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. చట్టం కూడా గ్రాంథికవాదేనన్నమాట! ఏళ్ళ కిందట బతుకుతెరువు కోసం వేసిన ఒక అతుకును మరమ్మతు అనాలా, మార్పు అనాలా? విరిగిన కాలికి కట్టు కడితే మనిషి మారిపోయాడంటామా? ఈ మాట పరీక్షించే అధికారి ముందు చెప్పుకోవలసిందే. అతుకు కోసేసి, మచ్చ లేని ఛాసిస్ వెతికి తెచ్చుకుంటే ఈ వాదన అక్కరే ఉండదు. కాని అప్పుడు కాగితం కోసం చరిత్రను చెరిపినట్టవుతుంది.

నేను చేసింది ఇదీ. అతుకు ఉంచాను. దాని బలం పరీక్షించి, మేస్త్రీగారి సలహా మీద లోపలి వైపు మాత్రమే మరికొంత దన్ను పెట్టించాను. క్యారియరు ఉంచాను. సీటుకు కొత్త తొడుగు వేయించాను గాని లోపల పీచే ఉంది. ట్యాంకుకు మైసూరు ఎరుపు వేయించి, బంగారు గీతను బోర్డులు రాసే ఒక పెద్దాయన చేత గీయించాను. ట్యాంకు అడుగున, కంటికి కనిపించని చోట, నాలుగు పొరలూ మెట్లు మెట్లుగా కనబడే ఆ అరచేయంత జాగాను మాత్రం ముట్టుకోలేదు. తీసేసిన ప్రతి భాగానికీ ఒక చీటీ కట్టి పెట్టెలో భద్రపరిచాను. ఏది ఎక్కడిది, ఎందుకు తీశాను, బదులు ఏం వేశాను అని ఒక నోటుపుస్తకంలో రాశాను. ప్రాచీన కావ్యాలు పరిష్కరించిన పండితులు తమకు నచ్చని పాఠాంతరాలను కూడా అడుగున అచ్చువేసేవారు. తరవాత వచ్చేవాడికి వేరే అభిప్రాయం ఉండవచ్చునన్న మర్యాద అది.

కేటలాగు పక్షపు మిత్రులు దీన్ని సగం పని అంటారు. మేస్త్రీగారు మాత్రం లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల నూనె కలిపి, మేకు గుచ్చి, నాలుగో కిక్కుకు బండి అందుకున్నాక, "బతికింది" అన్నారు.

చదువరులకు ఒక విన్నపం. మీ ఇళ్ళ వెనక, పశువుల పాకల్లో, గాదెల పక్కన ఇలాంటివి ఉంటే, మోటారు సైకిలే కానక్కరలేదు, కుట్టుమిషనైనా, రేడియో అయినా, నీళ్ళు తోడిన ఆయిలింజనైనా, తుడవకముందు ఒక ఫొటో తీయండి. గీకకముందు రంగులు లెక్కపెట్టండి. కంపెనీవాడు చేసింది ఏదో, మన ఊరివాడు చేసింది ఏదో వేరువేరుగా రాసుకోండి. కంపెనీవాడి వివరాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఊరివాడి వివరాలు చెప్పగల మేస్త్రీలు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని అడగండి. అడిగింది తెలుగులో రాసి పెట్టండి.